స్క్విడ్ తలలో రాయి, మా ఇంటి దుమ్ము

"కడపలో కూచోని సముద్రపు జీవి మీద చదువేంది పాపా?" అని నన్ను అడగని చుట్టం లేడు. మా వైపు చేప అంటే చెరువు చేపే. బొచ్చె, శీలావతి, ఎప్పుడన్నా కొర్రమీను. స్క్విడ్‌ను, అంటే పది చేతులుండే మెత్తటి సముద్రపు జీవిని, మా అమ్మ మొదటిసారి చూసింది నా ఐసు పెట్టెలోనే.

నేను అందరికీ చెప్పే జవాబు ఒకటే. ముంబై నుంచి చెన్నై పోయే రైలుదారి మా కడప మీదుగానే పోతుంది. ఒక కొసన అరేబియా సముద్రం, ఇంకో కొసన బంగాళాఖాతం. రెండు సముద్రాల స్క్విడ్‌లూ థర్మాకోల్ పెట్టెల్లో వచ్చి ఒకే స్టేషన్లో దిగుతాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలనుకునే మనిషికి ఇంతకన్నా మంచి చోటేముంది?

మన దేశంలో రెండు తీరాల్లోనూ ఎక్కువగా దొరికేది ఇండియన్ స్క్విడ్. శాస్త్రీయ నామం యూరోట్యూథిస్ డువాసెలీ. చెన్నై కాశిమేడులో కొన్నదాన్నీ, ముంబై ససూన్ డాక్‌లో కొన్నదాన్నీ ఒకే పళ్ళెంలో పెడితే ఏది ఎక్కడిదో నేను చెప్పలేను. చూపుకు రెండూ ఒకటే. మరి రెండూ ఒకే గుంపా, లేక వేర్వేరు నీళ్ళలో పుట్టి పెరిగిన వేర్వేరు గుంపులా? నా ప్రాజెక్టు ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్న ఎందుకంటే, స్క్విడ్ బతుకు ఏడాదికి అటూ ఇటూ. గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. చేపల్లోనైతే రెండేళ్ళవీ, మూడేళ్ళవీ, ఐదేళ్ళవీ కలిసి ఉంటాయి కాబట్టి ఒక ఏడు దెబ్బతిన్నా మిగతా వయసులవి గుంపును నిలబెడతాయి. స్క్విడ్‌కు ఆ ఆసరా లేదు. ఈ ఏడు పిల్లలు లేకపోతే వచ్చే ఏడు వల ఖాళీ. అందుకే ఏ గుంపు ఎక్కడిదో తెలియకుండా ఎంత పట్టొచ్చు అని లెక్క వేస్తే ఆ లెక్కకు అర్థం ఉండదు.

గుంపులను విడదీయడానికి చాలా దారులున్నాయి. నేను పట్టుకున్న దారి రాయి.

స్క్విడ్ ఒళ్ళంతా మెత్తనే అనుకుంటాం గానీ దానిలో గట్టివి ముఖ్యంగా మూడున్నాయి. వీపులో ఈకలాంటి పారదర్శకమైన పుల్ల ఒకటి, దాన్ని పెన్ అంటారు. నోట్లో చిలకముక్కులాంటి ముక్కు. ఈ రెండూ కైటిన్, ప్రొటీన్లతో కట్టినవి. మూడోది తలలో ఉండే జత రాళ్ళు, స్టాటోలిత్‌లు. జీవి ఎటు వాలిందో, ఎటు తిరిగిందో దానికి తెలియజేసేవి ఇవే. మన చెవిలోపల తూకం చూసే భాగం చేసే పనే అక్కడ ఈ రాళ్ళు చేస్తాయి. ఇవి ఆరగొనైట్, అంటే కాల్షియం కార్బొనేట్‌లో ఒక రూపం. మా ఇంటి నేలమీద పరిచిన కడప బండ కూడా సున్నపురాయే, ముఖ్యంగా కాల్షియం కార్బొనేటే. స్ఫటికాల అమరిక వేరు, అంతే.

రాయి పెరిగేటప్పుడు కాల్షియం కూర్చోవాల్సిన చోట అప్పుడప్పుడు స్ట్రాన్షియం, బేరియం అనే లోహాలు కూర్చుంటాయి. మెగ్నీషియం, మాంగనీసు కూడా కొద్దికొద్దిగా చేరతాయి. ఎంత చేరాయన్నది ఆ రోజు జీవి ఉన్న నీటిని బట్టి, నీటి వేడిని బట్టి, కొంత జీవి ఒంటి తీరును బట్టి మారుతుంది. రాయిమీద రోజుకొక సన్నని పొర పేరుకుంటుంది. ఒకసారి పేరుకున్నాక కరగదు, మారదు. నడిమధ్యన ఉన్నది పుట్టిన నాటి నీరు, అంచున ఉన్నది వలలో పడ్డ నాటి నీరు.

బేరియం సంగతి ముఖ్యంగా చెప్పాలి. సముద్రంలో అది లీటరుకు మిల్లీగ్రాములో వందోవంతు, అటూ ఇటూ. పైనీళ్ళలో తక్కువ, లోతుకు పోయేకొద్దీ ఎక్కువ. నదులు బురదతో పాటు దాన్ని మోసుకొచ్చి ముఖద్వారాల దగ్గర వదులుతాయి. కాబట్టి రాయిలో బేరియం పెరిగిందంటే, ఆ స్క్విడ్ నది నీరు కలిసే చోటనో, లోతు నీరు పైకి ఎగదన్నే చోటనో తిరిగిందని అనుమానించొచ్చు. పెద్ద నదులు చాలావరకు కలిసే బంగాళాఖాతానికీ, వానాకాలంలో లోతునీరు పైకొచ్చే పడమటి తీరానికీ తేడా ఇక్కడే దొరుకుతుందని నా ఆశ.

నమూనాలు పట్టడం ఒక పెద్ద పని. మర పడవల వేట నిషేధం తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. నాకు చెన్నైవి ఏప్రిల్ మొదటివారంలో దొరికాయి, ముంబైవి మే నెలాఖరులో. ఈ ఏడువారాల తేడా గురించి మళ్ళీ చెబుతాను, అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. కాశిమేడుకు నేనే పోయాను. తెల్లవారక ముందే వేలం. అక్కడ దీన్ని కణవా అంటారు. కొనడం తేలికే, ఎక్కడ పట్టిందో కనుక్కోవడం కష్టం. నాలుగైదు రోజులు సముద్రంలో తిరిగొచ్చిన పడవలో ఏ బుట్ట ఏ లోతుదో డ్రైవరన్నకు తప్ప ఎవరికీ తెలీదు. ఆయన టీ తాగేదాకా కాచుకుని, వచ్చీరాని తమిళంలో అడిగి రాసుకున్నాను. ముంబైలో ఈ పని మా ల్యాబులోని ఆదోని అన్న వాళ్ళ చిన్నాన్న చేసిపెట్టాడు. చెన్నైవి 40, ముంబైవి 38. అన్నీ ఒంటి పొడుగు 12 నుంచి 15 సెంటీమీటర్ల లోపువే ఏరుకున్నాను, ఎందుకంటే వయసుతో పాటు రాయిలో రసాయనం కూడా మారుతుంది.

రాయి తీయడం నాకు ఇష్టమైన పని. తల కోసి, కిందివైపు పైకి తిప్పి పెడతాం. నీళ్ళు చిమ్మే సైఫన్ గొట్టం తీసేస్తే దాని వెనక మెత్తటి ఎముకలాంటి పుర్రె కనిపిస్తుంది. దానిలో రెండు చిన్న తెల్లని మచ్చలు, మంచు పట్టిన అద్దం వెనక దీపాల్లాగా. బ్లేడుతో ఆ పుర్రె పైపొరను అడ్డంగా, కాగితమంత పలచగా చెక్కాలి. కొంచెం లోతుగా పోతే రాయి విరుగుతుంది. సరిగ్గా పోతే రెండు గదులు తెరుచుకుని లోపల నీళ్ళలో రాయి మెరుస్తుంది. మిల్లీమీటరు, మహా అయితే మిల్లీమీటరున్నర. ఆవగింజ కన్నా చిన్నది. గుండ్రంగా ఉండదు, పసిపిల్లల పాలపన్ను విరిగిన ముక్కలాగా ఒకవైపు ఉబ్బు, ఒకవైపు మొన, పక్కన రెక్కలాంటి పలుచని అంచు. ఇనుప పట్టకారు వాడకూడదు, ప్లాస్టిక్‌దే. ఫార్మలిన్‌లో వేస్తే ఆ పులుపుకు రాయి తినేస్తుంది, కాబట్టి అదీ కూడదు.

చెన్నైవాటిలో తొమ్మిది తలలు కడపలో ల్యాబులోనే కోశాను. ఆ వారంలోనే మేం వాడే ఫ్రీజర్ ఆగిపోయింది. బాగుచేసే మనిషి నాలుగైదు రోజులకు గానీ రాడన్నారు. మిగిలిన 31 తలలూ ఐసులో సర్దుకుని రైలెక్కి మా ఊరికి పోయాను. మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది, కరెంటు ఉంది, హాల్లో నాయన భోంచేసే బల్ల ఉంది. తలలు పాడవకుండా రాళ్ళు తీసేయాలి, నా తలలో ఉన్నది అంతే.

మా ఊరు ఓబులవారిపల్లె మండలంలో, మంగంపేట దగ్గర. మంగంపేట అంటే ముగ్గురాయి. మా నాయన ముగ్గురాయిని పొడిచేసే మిల్లులో పనిచేస్తాడు.

ఆ నాలుగు సాయంత్రాలూ నాకు బాగా గుర్తు. నాయన డ్యూటీ దిగి వచ్చి, చొక్కా విప్పి గోడకున్న మేకుకు తగిలించి, కాళ్ళూ చేతులూ కడుక్కుని నా పక్కన కూచునేవాడు. హాల్లో ట్యూబులైటు వెలుగు నాకు చాలడం లేదని చూసి, ఫోన్ టార్చి వేసి తలమీదికి వంగి పట్టుకునేవాడు. కదిలేవాడు కాదు. ఒక రాయి బయటికి రాగానే "వచ్చె, వచ్చె" అనేవాడు. "ఇంత రాయిలో ఏముంటాది పాపా?" అంటే, ఆ జీవి ఏ నీళ్ళలో తిరిగిందో అంతా ఉంటుంది నాయనా అని చెప్పాను. ఎడమ రాళ్ళు 31 అక్కడే కడిగి ఆరబెట్టాను. కుడి రాళ్ళను మాత్రం పైపొర కూడా తీయకుండా అట్లే చిన్న ట్యూబుల్లో వేసి మూత బిగించాను, తర్వాత చూసుకోవచ్చులే అని.

ముంబైవి వచ్చేసరికి ఫ్రీజర్ బాగయింది. ఆ 38 తలల పనీ కడప ల్యాబులోనే అయింది.

తర్వాత జరిగేది ఇలా ఉంటుంది. రాయిని తూచి, శుద్ధమైన పలచని నైట్రిక్ ఆమ్లంలో కరిగించాలి. ఒక్కో రాయి మిల్లీగ్రాము కూడా తూగదు. ఆ ద్రావణాన్ని ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రానికి ఇస్తే, అది ఆర్గాన్ ప్లాస్మాలో, అంటే ఆరువేల డిగ్రీలకు పైబడిన మంటలో దాన్ని పరమాణువులుగా చీల్చి బరువుల వారీగా లెక్కపెడుతుంది. వందకోట్ల భాగాల్లో ఒక భాగం ఉన్నా పట్టేస్తుంది. ఆ యంత్రం మా దగ్గర లేదు, హైదరాబాదులో ఒక ల్యాబుకు పంపాం.

ఫలితాలు వచ్చిన రోజు నేను ఎగిరి గంతేశాను. స్ట్రాన్షియంలో పెద్ద తేడా లేదు. బేరియంలో మాత్రం చెన్నైది ఒకవైపు, ముంబైది ఇంకోవైపు. గ్రాఫులో రెండు గుంపుల నడుమ లారీ పోయేంత సందు. నాయనకు ఫోన్ చేసి "రెండు సముద్రాలూ విడిపోయినాయి నాయనా" అని చెప్పాను.

మా గైడ్ మేడం గ్రాఫును చాలాసేపు చూశారు. సంతోషపడలేదు. "ఈ చెన్నై పాయింట్లు నిలువునా ఇట్లా ఎందుకు చెదిరిపోయాయి?" అన్నారు. నిజమే. ఒకటి ముంబై సగటుకు ఇరవై రెట్లు, దాని పక్కది రెండొందల రెట్లు. ఒకే పడవలో, ఒకే రోజు పడ్డ జీవుల నీళ్ళు అంతంత తేడాగా ఉండవు. పైగా తొమ్మిది చెన్నై చుక్కలు కింద ముంబై చుక్కల పక్కనే ఉన్నాయి. ఆ తొమ్మిదింటి నంబర్లు చూడమన్నారు మేడం. ఒకటి నుంచి తొమ్మిది.

"పది నుంచి ఎక్కడ కోశావు?"

చెప్పాను.

"మీ ఊరెక్కడ?"

అదీ చెప్పాను. మేడం ఇంకేమీ అనలేదు. నాకు కూడా ఇంక అడగాల్సింది లేకపోయింది. ముగ్గురాయి అంటే బెరైట్స్. బెరైట్స్ అంటే బేరియం సల్ఫేట్. పుట్టిననాటి నుంచి దాని పక్కన బతికాను, ఎమ్మెస్సీలో దాని ఫార్ములా రాశాను, రెండేళ్ళుగా బేరియం బేరియం అని కలవరించాను. ఈ రెండూ ఒకటేనన్న సంగతి ఆ బల్ల దగ్గర కూచున్నప్పుడు నాకు తట్టనే లేదు.

బేరియం సల్ఫేట్ నీళ్ళలో కరగదని పుస్తకాల్లో ఉంటుంది. కడుపు ఎక్స్‌రేకు ముందు బేరియం తాగించేది కూడా అది కరగదు, ఒంటికి పట్టదు అన్న ధైర్యంతోనే. కానీ కరగదు అన్న మాట మన కంటికి నిజం, ఆ యంత్రానికి కాదు. లీటరు నీళ్ళకు రెండు మిల్లీగ్రాములకు పైచిలుకు కరుగుతుంది. నా రాయిలోని అసలు బేరియం ముందు అది కొండ. కంటికి కనపడని ఒక్క ధూళికణం రాయి అంచున అంటుకుంటే చాలు.

అయినా అనుమానం మీద తీర్పు చెప్పకూడదన్నారు మేడం. ఖాళీ నమూనాలు, మేం బ్లాంకులు అంటాం, ఇంటి దగ్గర నేను పెట్టలేదు. అదే నా అసలు తప్పు. రాయి లేకుండా మిగతా అన్ని పనులూ చేసిన ఒక ఖాళీ ట్యూబు ఉండి ఉంటే మొదటిరోజే బయటపడేది. ఇప్పుడు ఆమ్లంతో కడిగిన మూడు కొత్త ట్యూబులు తీసుకుని ఊరికి పోయాను. అదే బల్ల, అదే చోటు. సాయంత్రం మూత తీసి పెట్టి, పొద్దున ఆమ్లం పోసి మూత బిగించి తెచ్చాను. మూడింటిలోనూ బేరియం ఉంది. స్ట్రాన్షియం కూడా కాస్త కనిపించింది, బెరైట్‌లో అది కలిసి ఉండటం మామూలే.

ఆ రాత్రి బల్ల మీద ట్యూబులు ఎందుకు పెట్టానో నాయనకు చెప్పలేదు. ఫలితం వచ్చాక చెప్పక తప్పలేదు. ఆయన మేకుకున్న చొక్కా వైపు చూశాడు. తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. "నేను లైటు పట్టుకోకుండా ఉండింటే సరిపోయేది గదమ్మా" అన్నాడు. పాపా అనేవాడు అమ్మా అన్నాడంటే నొచ్చుకున్నట్టు. కాదు నాయనా, ఇల్లంతా ఉంది, కిటికీ సువ్వల మీద ఉంది, దుప్పట్ల మీద ఉంది, నువ్వు లేకపోయినా ఉండేది అని చెప్పాను. నిజం కూడా అదే. కానీ ఆయన ఆ మాట నమ్మినట్టు లేడు. కాసేపటికి, "మన రాయి సముద్రంలో గూడ ఉండాదా అయితే?" అని అడిగాడు. ఉంది నాయనా, మన కొండ కూడా ఒకప్పుడు సముద్రం అడుగే, వందకోట్ల ఏళ్ళ కన్నా ముందు మాట అని చెప్పాను. ఆ సంగతి ఆయనకు నచ్చింది.

మూతలు బిగించి దాచిన కుడి రాళ్ళే నన్ను కాపాడాయి. వాటి మీద ఇంకా తడి పొర ఉంది, దుమ్ము పడి ఉంటే ఆ పొర మీదే పడాలి. కడప ల్యాబులో, గాలి వడగట్టి వదిలే పెట్టెలో కూచుని మొదటి నుంచి మొదలుపెట్టాను. ముందు శుద్ధజలంలో అల్ట్రాసోనిక్ కడుగు, నీళ్ళు మార్చి మళ్ళీ, మళ్ళీ. తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టి పొర ఊడదీయడం. తర్వాత చాలా పలచని ఆమ్లంలో క్షణకాలం ముంచి తీయడం, పైచర్మం పోయేటంత వరకే. మళ్ళీ నీళ్ళు. ప్రతి ఎనిమిది రాళ్ళకు ఒక ఖాళీ ట్యూబు. కొలత సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి జపాన్‌వాళ్ళు తయారుచేసిన ఎన్ఐఈఎస్ 22 నంబరు చేప చెవిరాయి పొడిని కూడా పక్కన పెట్టాం. దానిలో ఏది ఎంతుందో ముందే తేల్చిన లెక్క ఉంటుంది.

31లో మూడు మళ్ళీ ఎక్కువ చూపించాయి, వాటిని తీసేశాను. మిగతా 28, ల్యాబులో కోసిన ఆ తొమ్మిది, అన్నీ ఇప్పుడు ఒకే దరిన ఉన్నాయి. ముంబైవాటితో పోల్చితే తేడా ఉంది, కానీ లారీ పోయే సందు లేదు. బేరియం, మాంగనీసు రెండూ కలిపి చూస్తే గుంపులు రెండుగా జరుగుతాయి, నడుమ కొన్ని చుక్కలు ఒకదాన్లో ఒకటి కలిసే ఉంటాయి. మొదటి గ్రాఫు కన్నా నాకు ఈ గ్రాఫే ఇష్టం. జీవులు ఉండాల్సిన తీరులో ఉంది.

ఈ తేడా రెండు తీరాలదేనా అంటే అవునని గట్టిగా చెప్పను. ఆ ఏడు వారాలు ఇక్కడ అడ్డొస్తాయి. ఫాక్‌లాండ్ దీవుల దగ్గర పెటగోనియా స్క్విడ్ మీద ఆర్ఖిప్‌కిన్, ఆయన తోటివాళ్ళు 2004లో వేసిన పేపరు చదివాక నాకు ఇది బాగా అర్థమైంది. అక్కడ స్టాటోలిత్ రసాయనాన్ని ఎక్కువగా మార్చింది పట్టిన చోటు కాదు, పుట్టిన కాలం. ఒకే సముద్రంలో, శరత్తులో పుట్టిన గుంపుకూ, వసంతంలో పుట్టిన గుంపుకూ రాళ్ళు వేరు. మరి నా ఏప్రిల్ స్క్విడ్, మే స్క్విడ్ పుట్టిన నెలలు వేరైతే, నేను చూసింది తీరాల తేడానా, నెలల తేడానా? ఇంకోటి, రాయి చెప్పేది ఎక్కడ బతికిందన్నదే, ఎవరికి పుట్టిందన్నది కాదు. ఒకే వంశం రెండు నీళ్ళలో పెరిగితే రాళ్ళు వేరుగా ఉంటాయి, రెండు వంశాలు ఒకే నీళ్ళలో పెరిగితే ఒకటిగా ఉంటాయి. వంశం సంగతి డీఎన్ఏ చెప్పాలి. ఈ రెండు మాటలూ థీసిస్‌లో ముందు పేజీల్లోనే రాశాను, చివర దాచలేదు.

వయసు తెలిస్తే పుట్టిన నెల తెలుస్తుంది. అందుకని కరిగించకుండా మిగిల్చిన కొన్ని ముంబై రాళ్ళనూ, తొమ్మిది చెన్నై తలల కుడి రాళ్ళనూ గాజు పలక మీద రెజిన్‌తో అతికించి, రెండు వైపులా అరగదీసి, పొరలు లెక్కపెడుతున్నాను. రోజుకు రెండు రాళ్ళకు మించి సాగదు. కొంచెం ఎక్కువ అరిగితే నడిమధ్య చుక్క, అంటే పుట్టినరోజు, పోతుంది.

పోయిన నెల నాయన ఆసుపత్రి పనిమీద కడపకు వచ్చి, ల్యాబు చూస్తానన్నాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "తలకు పోసుకునే వచ్చినా. గుడ్డలు ఉతికినవే. అయినా నేను ఈడ నిలబడతాలే" అన్నాడు. ఇది అరగదీసిన రాయి నాయనా, అతికించి మూసేసింది, దీనికి దుమ్ముతో పని లేదు అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మైక్రోస్కోపు ముందు కూచోబెట్టాను. నాలుగొందల రెట్లు పెద్దగా, నడుమ చుక్క, దాని చుట్టూ వలయాలు, మాను కోసిన చోట కనిపించినట్టు. ఒక్కో గీత ఒక్కో రోజు అని చెప్పాను.

"దినానికి ఒకటా?"

"అవును నాయనా."

కన్ను తీయకుండా, గాలిలో చూపుడువేలు కొద్దికొద్దిగా కదుపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ముప్పై ఏడో, ముప్పై ఎనిమిదో దగ్గర గీతలు దగ్గరపడి తప్పిపోయాడు. లేస్తాడేమో అనుకున్నాను. "ఉండు, నడుమ నుంచి మళ్ళా వస్తా" అని ఇంకా దగ్గరికి వంగాడు.